రత్లాం ప్లాట్‌ఫారం మీద టాటానగర్ కుర్రాడు

ఉక్కు ఊరి కథలు – ఏడో భాగం

రైలు కదిలిపోతోంది. రత్లాం స్టేషన్‌లో నీళ్ల సీసా ధర దగ్గర అమ్మేవాడితో వాదానికి దిగిన గీత్ ఢిల్లాన్‌కు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఒకే రాత్రిలో ఆమెకు బండి తప్పిపోవడం అది రెండోసారి. మొదటిసారి అంతకుముందు స్టేషన్‌లో, తనకు ఏమీ కాని మనిషిని బండెక్కించబోయి తానే దిగబడిపోయింది. ఆ మనిషి ఆదిత్య కశ్యప్, ముంబయిలో ఒక పెద్ద కంపెనీకి వారసుడు. తండ్రి పోయాడు, కంపెనీ మునిగిపోయేలా ఉంది, ప్రేమించిన అమ్మాయి మరొకరిని పెళ్లాడింది. మీటింగులోంచి లేచి వచ్చేసి, ఎటు పోతుందో చూసుకోకుండా ఎక్కిన రైల్లో ఈ భటిండా పిల్ల తగిలింది. నోరు మూయని పిల్ల.

2007 అక్టోబర్ 26న విడుదలైన ‘జబ్ వి మెట్’ అసలు కథ ఈ రత్లాం రాత్రితోనే ఊపందుకుంటుంది. హిందీలో గత పాతికేళ్లలో వచ్చిన ప్రేమ హాస్య చిత్రాల్లో మళ్లీ మళ్లీ చూసేవి ఏవని అడిగితే, చాలామంది మొదట చెప్పే పేరు ఇదే. 2023 ఫిబ్రవరిలో ప్రేమికుల వారం సందర్భంగా దాన్ని మళ్లీ థియేటర్లలో వేస్తే, విడుదలనాటికి బడిలో కూడా చేరని పిల్లలు వచ్చి చూశారు.

ఉక్కు ఊరి కథల్లో ఈ సినిమాకేం పని? ఈ ధారావాహికలో ఇంతవరకు ఖనిజం, కొలిమి, సమ్మెలు, ఊరి పటం గురించి మాట్లాడుకున్నాం. జంషెడ్‌పూర్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువమంది టన్నుల లెక్క దగ్గరే ఆగిపోతారు. ఆ ఊరు ఉక్కుతో పాటు కథలు చెప్పేవాళ్లను కూడా తయారుచేసింది. ‘జబ్ వి మెట్’ రాసి తీసిన ఇమ్తియాజ్ అలీ 1971లో జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. సినిమాలో ఆ ఊరి పేరు వినపడదు. ఆ ఊరి చూపు మాత్రం సినిమా అంతటా ఉందన్నది ఈ భాగంలో చెప్పదలచిన మాట.

ముందు ఊరి సంగతి కొంచెం గుర్తుచేసుకోవాలి. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడినప్పుడు అక్కడ ఉన్నది సాక్చి అనే పల్లె, చుట్టూ సాల్ అడవి, పక్కన సువర్ణరేఖ, ఖర్కాయి నదులు. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె వచ్చింది. యుద్ధకాలంలో ఆ కార్ఖానా అందించిన పట్టాలకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఇప్పటికీ ఊరి పేరొకటి, స్టేషన్ పేరొకటి. చుట్టుపక్కల జనం రెండూ వదిలేసి ‘టాటా’ అని ఊరుకుంటారు.

పుట్టుకతో ఆ నేలకు చెందినవాళ్లు సంతాల్, హో, భూమిజ్ ఆదివాసులు. తక్కిన అందరూ రైలు దిగినవాళ్లే. బెంగాలీలు, బిహారీలు, ఒడియాలు, పంజాబీలు, పార్శీలు, ఛత్తీస్‌గఢ్ కూలీలు, తమిళులు, మలయాళీలు. తెలుగువాళ్లకు దారి మరీ తేలిక. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే లైను ఒక కొస వాల్తేరులో ఉండేది. ఆ రైల్వేయే ఉత్తరాంధ్ర జనాన్ని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులకు చేర్చింది, టాటా కొలిమి దగ్గరికీ చేర్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వచ్చినవాళ్లు కద్మా, సోనారీ, బిష్టుపూర్ పేటల్లో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. శ్రీరామనవమికి అక్కడ తెలుగు వినపడుతుంది, బయటి వీధిలో హిందీ, పక్క వీధిలో బెంగాలీ.

అలాంటి ఊళ్లో పిల్లలు పెరిగే తీరు వేరు. ఎదురింటి పిల్లవాడి పండగ ఏమిటో, వాళ్లమ్మ ఏం వండుతుందో, వాళ్ల ఊరికి ఏ రైలు పోతుందో పసితనంలోనే తెలిసిపోతుంది. ఎండాకాలం సెలవులు రాగానే ఊరంతా స్టేషన్‌లో ఉంటుంది. ప్రతివాడికీ ఇంకెక్కడో ‘మా ఊరు’ అనేది ఒకటి ఉంటుంది.

ఇమ్తియాజ్ చదువు రెండు చోట్ల సాగింది. తండ్రి నీటిపారుదల పనుల కాంట్రాక్టరు. పనికోసం తిరుగుడు తప్పదు. కొన్నేళ్లు పట్నా సెయింట్ మైకేల్స్‌లో, తరువాత జంషెడ్‌పూర్ డీబీఎంఎస్ ఇంగ్లిష్ స్కూల్లో చదివాడు. ఆ బడి పేరులోని నాలుగు అక్షరాల వెనుక తెలుగువాళ్లు గర్వించదగ్గ కథ ఉంది. డీబీఎంఎస్ అంటే దక్షిణ భారత మహిళా సమాజం. ఉక్కు కంపెనీలో పనికి వచ్చిన దక్షిణాది కుటుంబాల ఆడవాళ్లు కూడి పెట్టుకున్న సంఘం. కొత్త ఊళ్లో భాష రాక, బంధువులు లేక నాలుగ్గోడల మధ్య ఉండిపోవాల్సిన గృహిణులు ఊరికి బడి పెట్టారు. అది వాళ్ల పిల్లలకే పరిమితం కాలేదు. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడూ అక్కడే చదివాడు. జంషెడ్‌పూర్ చరిత్రలో కార్ఖానా ఇంజనీర్ల పేర్లకు ఇచ్చిన చోటు ఈ ఆడవాళ్లకూ ఇవ్వాలి.

అదే బడిలో ఇమ్తియాజ్ కంటే ఒక ఏడాది ముందు పుట్టిన తమిళ కుర్రాడు కూడా చదివాడు. అతని తండ్రి టాటా స్టీల్ ఉద్యోగి, తల్లి బ్యాంకు ఉద్యోగి. పేరు మాధవన్. అతని దగ్గరికి మళ్లీ వద్దాం.

జంషెడ్‌పూర్‌లో ఇమ్తియాజ్ ఉన్నది అత్త ఇంట్లో. ఆ కుటుంబానికి సినిమా హాళ్లు ఉండేవి. కరీమ్ టాకీస్ ఇంటిని ఆనుకునే ఉండేది. ఆ ఇంట్లో పిల్లవాడికి సినిమా అంటే నెలకో రెండు నెలలకో నాన్న తీసుకెళితే చూసే వేడుక కాదు, రోజూ ఇంట్లో ఒకరుగా ఉండేది. లోపలికి పోయి కాసేపు చూసి మళ్లీ ఇంటికి వచ్చేయవచ్చు. మొదలు ఒకరోజు, చివర మరోరోజు. ఒకే సన్నివేశాన్ని వారం పొడుగునా వేర్వేరు జనంతో చూడవచ్చు. ఏ మాటకు నేల తరగతి ఈలలు వేస్తుంది, ఏ పాట మొదలవగానే జనం బీడీ కోసం బయటికి పోతారు, ఏ చోట ఆడవాళ్ల వరుసలో కొంగులు కళ్లకు చేరతాయి, ఇవన్నీ తెర వైపు చూస్తే తెలియవు, జనం వైపు చూస్తే తెలుస్తాయి. ఏ సినిమా బడీ ఇంతకంటే మంచి పాఠం చెప్పలేదు.

ఆ తరువాతి మజిలీలు ఇక్కడ త్వరగా దాటవచ్చు. ఢిల్లీ హిందూ కాలేజీలో ‘ఇబ్తిదా’ అనే నాటక సంఘం పెట్టాడు. ముంబయి చేరి టీవీ సీరియళ్లు తీశాడు. అనురాగ్ కశ్యప్ ‘బ్లాక్ ఫ్రైడే’లో నటించాడు కూడా. 2005లో మొదటి సినిమా ‘సోచా న థా’ వచ్చింది. అభయ్ దేవోల్‌కు అదే తొలి చిత్రం. పెళ్లిచూపుల్లో కలుసుకున్న ఇద్దరు, ఈ సంబంధం వద్దనుకుందామని ఒప్పందం చేసుకుని, అది చెడిపోయాక ప్రేమలో పడడం దాని కథ. పెద్దగా ఆడలేదు. 2016లో తరుణ్ భాస్కర్ ‘పెళ్ళిచూపులు’ చూసి మురిసిపోయిన తెలుగు ప్రేక్షకులు ఆ సినిమాను వెతికి చూడాలి. కథలు వేరు, గాలి ఒకటే.

రెండో సినిమాకు పేరు కుదరలేదు. ‘పంజాబ్ మెయిల్’, ‘ఇష్క్ వయా భటిండా’, ‘జబ్ వి మెట్’ అని మూడు పేర్లు జనం ముందు పెట్టి ఓట్లు వేయించారు. మూడోది గెలిచింది. ఓడిపోయిన రెండు పేర్లూ ప్రయాణాన్ని పట్టుకున్నవే కావడం గమనించాలి. తీసినవాళ్ల మనసులో ఈ సినిమా ముందునుంచీ రైలు సినిమాయే.

దారిలో పుట్టే ప్రేమకథకు వంశవృక్షం పెద్దదే. 1934లో అమెరికాలో ఫ్రాంక్ కాప్రా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ తీశాడు. ఇల్లు వదిలి పారిపోయిన కోటీశ్వరుడి కూతురు, ఉద్యోగం పోగొట్టుకున్న పత్రికావిలేఖరి, ఒక బస్సు. ఆ ఏడాది అయిదు ప్రధాన ఆస్కార్లు దానికే వచ్చాయి. ఆ కథ 1956లో ‘చోరీ చోరీ’ అయింది. రాజ్ కపూర్, నర్గిస్ జంటగా దాన్ని నిర్మించింది బొంబాయి సంస్థ అనుకుంటారు చాలామంది. కాదు, మద్రాసు ఏవీఎం. 1991లో మహేశ్ భట్ మళ్లీ అదే కథను ‘దిల్ హై కె మాన్‌తా నహీఁ’గా తీశాడు.

మద్రాసు పేరు వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హిందీ ప్రేమ హాస్యానికి తెలుగువాళ్ల చేయి గట్టిగానే అందింది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు వాడైన ఎల్.వి. ప్రసాద్ 1955లో విజయా వారికి తీసిన ‘మిస్సమ్మ’ను 1957లో ఏవీఎంకు హిందీలో ‘మిస్ మేరీ’గా తీశాడు. సావిత్రి వేసిన పాత్ర మీనాకుమారికి, ఎన్టీఆర్ పాత్ర జెమినీ గణేశన్‌కు, అక్కినేని పాత్ర కిశోర్ కుమార్‌కు వెళ్లాయి. జమున మాత్రం మారలేదు. మూలకథ రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ రచన ‘మాన్‌మొయీ గర్ల్స్ స్కూల్’. బెంగాల్‌లో పుట్టి, తెలుగులో కళ్లు తెరిచి, హిందీలో తిరిగిన కథ అది. బెంగాలీ, తెలుగు, హిందీ మూడూ ఒకే వీధిలో వినపడే జంషెడ్‌పూర్‌కు అలాంటి ప్రయాణాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇమ్తియాజ్ ఈ వంశానికి చెందినవాడే అయినా మూసను తిరగేశాడు. కాప్రాలోనూ, ‘చోరీ చోరీ’లోనూ డబ్బున్నది అమ్మాయికి, లోకజ్ఞానం ఉన్నది అబ్బాయికి. అతను నేర్పుతాడు, ఆమె నేర్చుకుంటుంది. ‘జబ్ వి మెట్’లో డబ్బు అబ్బాయి వైపుకు మారింది. దారి తెలిసింది అమ్మాయికి. నడిపించేది ఆమె, కూడా వెళ్లేది అతను. మాట్లాడేది ఆమె, వినేది అతను. హీరో నోరు మూసుకుని ఇంతసేపు వినడం హిందీ తెర మీద అరుదైన దృశ్యం. షాహిద్ కపూర్ ఆ వినడాన్ని ఎంత బాగా చేశాడో, కరీనా కపూర్ మాటల హోరులో చాలామంది గమనించలేదు. ఆమెకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది, మాటల రచనకు ఇమ్తియాజ్‌కు వచ్చింది. రెండూ న్యాయమైనవే.

అంతకంటే పెద్ద మార్పు ఊళ్ల విషయంలో జరిగింది. ఆ కాలపు హిందీ ప్రేమకథలు లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో, స్విస్ కొండల మీదో తిరిగేవి. 1995 నాటి ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’లో కూడా రైలు తప్పిపోతుంది, ఒక రాత్రి గడుస్తుంది, చివరికి అందరూ పంజాబ్ చేరతారు. కానీ ఆ రైలు తప్పిపోయింది యూరప్‌లో. ఇమ్తియాజ్ దాన్ని రత్లాంలో తప్పించాడు. పశ్చిమ మధ్యప్రదేశ్‌లో అది పెద్ద రైల్వే జంక్షన్. నిద్రలో దాటిపోయే స్టేషన్. లక్షలమంది ‘రత్లాం వచ్చింది’ అని పక్క బెర్తువాడు అంటే విన్నవాళ్లే గాని దిగినవాళ్లు తక్కువ.

దిగినవాళ్లకు ఏమవుతుందో ఈ సినిమా చూపించింది. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద ఒంటరి ఆడపిల్ల వెంటపడే మగవాళ్లున్నారు. ఒంటరిగా తిరిగే ఆడపిల్ల గురించి ఉపన్యాసం దంచే స్టేషన్‌మాస్టరున్నాడు. హోటల్ డీసెంట్ అనే పేరున్న బస ఉంది. దానికి ఆ పేరు ఎందుకు పెట్టారో అక్కడి గుమాస్తా చూపులోనే అర్థమవుతుంది. ఈ మనుషులంతా నిమిషమో రెండు నిమిషాలో కనిపిస్తారు, జీవితాంతం గుర్తుంటారు. ఊరివాళ్లను బొమ్మలుగా చేసి నవ్వించడం తేలిక. ఇక్కడ నవ్వు వాళ్ల సొంత తర్కంలోంచి వస్తుంది. ఎవరి మాట వాళ్లకు సబబే. స్టేషన్‌మాస్టర్ ఉపన్యాసం ఈనాటి ఆడపిల్లలకు మంట పుట్టిస్తుంది, పుట్టించాలి కూడా. అయితే ఆ సన్నివేశం అతని పక్షాన నిలబడదు. అతని మాట వింటూ గీత్ నిలబడి ఉండదు, తన దారి తాను చూసుకుంటుంది. హాస్యం అడుగున భయం ఉందని తెలిసి తీసిన సన్నివేశం అది. హాయిగా నవ్వించే రత్లాం ఘట్టం మళ్లీ చూసినప్పుడు బరువుగా అనిపించేది అందుకే.

సినిమా చివరి మూడో వంతులో ఆ బరువు పైకి తేలుతుంది. మనాలీలో ఉన్న అంశుమన్‌ను నమ్మి ఇల్లు దాటిన గీత్‌ను అతను కాదంటాడు. తొమ్మిది నెలల తరువాత ఆదిత్య వెతుక్కుంటూ పోతే ఆమె సిమ్లాలో టీచరుగా, మాట పెగలని మనిషిగా కనిపిస్తుంది. మాటలపోగైన పాత్రను మూగబోయేలా చేయడం ప్రేమ హాస్యానికి ప్రమాదకరమైన పని. ఇంటికి పోవడానికి మొహం చెల్లక, కొండ మీద ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికే అమ్మాయి. పని వెతుక్కుంటూ దూరపు ఊళ్లకు పోయినవాళ్లలో, అనుకున్నది జరగక ఉత్తరాలు రాయడం మానేసినవాళ్లు ప్రతి వలస కుటుంబంలోనూ ఒకరైనా ఉంటారు. గీత్ మౌనం అలాంటి ఇళ్లవాళ్లకు పరిచయమున్న మౌనం.

ఇక భటిండా ఇల్లు. దారా సింగ్ తాతగారుగా ఉన్న ఉమ్మడి కుటుంబం, పొలాలు, పెద్ద గొంతులు. ఆ ఇంటిని ఇమ్తియాజ్ లోపలి మనిషిగా చూపించలేదు. అతిథిగా వచ్చిన ఆదిత్య కళ్లతో చూపించాడు. తనది కాని ఇంట్లో మంచం మీద కూర్చుని, వాళ్ల మాట సగం అర్థమై, పెట్టింది తింటూ, క్రమంగా కుదుటపడే మనిషి. జంషెడ్‌పూర్‌లో పెరిగిన ప్రతి పిల్లవాడికీ ఈ అనుభవం చిన్నప్పుడే ఎదురవుతుంది. పక్కింటి సర్దార్జీ ఇంట్లో, పై అంతస్తు బెంగాలీ ఇంట్లో, వెనక వీధి తెలుగువాళ్లింట్లో. పంజాబ్‌తో పుట్టుక సంబంధం లేని దర్శకుడు పంజాబీ ఇంటిని అంత ప్రేమగా తీయగలగడానికి ఆ పొరుగుతనమే పునాది అనిపిస్తుంది.

పాటల గురించి రెండు మాటలు. ఎక్కువ పాటలకు ప్రీతమ్ స్వరం, ఇర్షాద్ కామిల్ సాహిత్యం. ‘యే ఇష్క్ హాయే’ పాటకు శ్రేయా ఘోషాల్‌కు ఉత్తమ గాయనిగా, సరోజ్ ఖాన్‌కు ఉత్తమ నృత్య దర్శకురాలిగా జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉస్తాద్ రషీద్ ఖాన్ పాడిన ‘ఆవోగే జబ్ తుమ్’కు స్వరం కట్టింది సందేశ్ శాండిల్య. సినిమా దక్షిణాదికీ వచ్చింది. 2009లో తమిళంలో ‘కండేన్ కాదలై’ పేరుతో, భరత్, తమన్నా జంటగా.

ఇప్పుడు మాధవన్ సంగతి. హిందీలో 2001లో ‘రెహ్‌నా హై తేరే దిల్ మేఁ’తో కథానాయకుడైన ఈ డీబీఎంఎస్ కుర్రాడు 2011లో ‘తను వెడ్స్ మను’ చేశాడు. ఆనంద్ ఎల్. రాయ్ తీసిన ఆ సినిమాలో మాట తక్కువైన డాక్టరు మనుగా మాధవన్, ఎవరికీ లొంగని కాన్పూరు పిల్ల తనుగా కంగనా రనౌత్. మళ్లీ అదే అమరిక. పెద్ద నగరం కాని ఊరు, ముందు నడిచే అమ్మాయి, వినే అబ్బాయి. 2007 నుంచి నాలుగేళ్ల వ్యవధిలో హిందీ ప్రేమ హాస్యాన్ని చిన్న ఊళ్ల వైపు తిప్పిన రెండు సినిమాల్లో ఒకదానికి దర్శకుడు, మరొకదానికి కథానాయకుడు ఒకే బడి పిల్లలు. ఆ బడి పెట్టింది దక్షిణాది గృహిణులు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. ఊరి చరిత్రలో మాత్రం నమోదు కావలసిన యాదృచ్ఛికం.

ఆ ఊరి తెలుగు గొంతు కూడా హిందీ ప్రేమకథల్లో ఉంది. 1984లో జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన శిల్పా రావు సంగీతం మొదట తండ్రి దగ్గరే నేర్చుకుంది. 2004లో ముంబయి వెళ్లింది. 2007లో ‘అన్వర్’ సినిమాలోని ‘తోసే నైనా లాగే’ ఆమెను పరిచయం చేసింది. మరుసటి ఏడాది రణ్‌బీర్ కపూర్ ప్రేమ హాస్య చిత్రం ‘బచ్‌నా ఏ హసీనో’లో కేకేతో కలిసి పాడిన ‘ఖుదా జానే’ దేశమంతా మోగింది. 2023 నాటి ‘జవాన్’లో పాడిన ‘చలేయా’కు ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారం దక్కింది. తెలుగువాళ్లలో చాలామందికి ఆ గొంతు దగ్గరైంది 2024లో, ‘దేవర’లోని ‘చుట్టమల్లే’తో. ఆ పాట విని ‘ఉత్తరాది అమ్మాయి తెలుగు భలే పలికింది’ అని మెచ్చుకున్నవాళ్లకు ఆమెది తెలుగిల్లేనని తెలియదు. టాటానగర్ తెలుగువాళ్లకు ఈ పొరపాటు అలవాటే. అక్కడ ఉన్నప్పుడు మద్రాసీలు, ఇక్కడికి వచ్చినప్పుడు హిందీవాళ్లు.

జంషెడ్‌పూర్ 2010లో తన పేరుతోనే తెర మీదికి వచ్చింది. ఆ ఏడాది విక్రమాదిత్య మోత్వానీ ‘ఉడాన్’ అక్కడే తీశాడు. అది కాన్ చిత్రోత్సవం దాకా వెళ్లింది. పదేళ్ల తరువాత ‘దిల్ బేచారా’ అదే ఊరి వీధుల్లో ఒక బెంగాలీ అమ్మాయినీ, రజనీకాంత్ అభిమాని అయిన క్రైస్తవ కుర్రాడినీ కలిపింది. దాని దర్శకుడు ముకేశ్ ఛాబ్రా అంతకుముందు ఇమ్తియాజ్ సినిమాలకు నటీనటులను ఎంపిక చేసిపెట్టినవాడే. ఈ రెండు సినిమాల్లో కార్ఖానా పొగ, జూబిలీ పార్కు, తండ్రుల కోపం ఎలా కనిపించాయో వచ్చే భాగంలో చూద్దాం.